లాడ్ బజార్ గాజుల దుకాణానికి పాత ప్లేస్టేషన్ వెలుగు తేవడం ఎలా?

చార్మినార్‌కు పడమటి వైపు సాగే లాడ్ బజార్‌లో, రాత్రి ఏడు దాటాక, ఒక గాజుల దుకాణం ముందు పది నిమిషాలు నిలబడండి. గాజులు కొనే పని తర్వాత పెట్టుకోవచ్చు, ముందు వెలుగును చూడండి. పైనుంచి వేలాడే బల్బుల కాంతి గాజుల దొంతరల పైవరుసల మీద నిండుగా పడుతుంది, కింది వరుసలకు వచ్చేసరికి పలచబడుతుంది. గడప దాటి రోడ్డు మీద పసుపు మడుగులా పరుచుకుని, నాలుగడుగుల్లో చీకట్లో కలిసిపోతుంది. మీరు తల కాస్త పక్కకు వంచితే లక్క గాజుల్లో పొదిగిన అద్దపు రాళ్ల మెరుపులన్నీ ఒక్కసారిగా చోటు మారతాయి.

ఈ మూడింటినీ వేరు వేరుగా గుర్తుపెట్టుకోండి. వస్తువు ఉపరితలం మీది చిన్న చిన్న వెలుగునీడలు ఒకటి. దుకాణమంతా పరుచుకునే పెద్ద వెలుగు రెండోది. చూసే కన్నుతో పాటు కదిలే మెరుపు మూడోది. పాత గేమ్ కన్సోళ్ల చిత్రకారులు వీటికి మూడు వేరు చోట్లు చూపించారు: చిన్న వెలుగు టెక్స్చర్‌లో (ఆకారం మీద అతికించే బొమ్మలో), పెద్ద వెలుగు వెర్టెక్స్ రంగుల్లో (ఆకారం కొసలకు పెట్టే రంగుల్లో), మెరుపు మరో పొరలో. పాత ఆటల రూపం తేవాలని ప్రయత్నించే చాలా మంది టెక్స్చర్‌ను చిన్నది చేసి, పిక్సెళ్లు బయటపడగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ పైన ఈనాటి వెలుగునే వదిలేస్తారు. అందుకే అది పాత ఆటలా కాక, కొత్త ఆట పాడైనట్టు కనిపిస్తుంది.

ఈ గాజుల దుకాణాన్ని కంప్యూటర్‌లో పాత ప్లేస్టేషన్ ఆటలోని దృశ్యంలా కట్టడమే మన పని. కావలసినవి బ్లెండర్ (త్రీడీ ఆకారాలు కట్టే సాఫ్ట్‌వేర్), జింప్ (ఫొటోలు, బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్). రెండూ ఉచితం. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. బ్లెండర్‌లో ఒక పెట్టెను కోయడం, దానికి యూవీ విప్పడం (టెక్స్చర్ ఎక్కడ అతకాలో చూపడానికి ఉపరితలాన్ని చదునుగా పరచడం) తెలిస్తే చాలు.

తొంభైల చివర గంటకు ఇంతని కట్టి ఆడుకునే వీడియో గేమ్ దుకాణాలు మన నగరంలో చాలా ఉండేవి. నా గంటలో సగం సేపు నేను ఆట వదిలేసి, పాత్రను తీసుకెళ్లి ఏదో ఒక గోడకు ఆనించి నిలబెట్టేవాణ్ని. దగ్గరగా చూస్తే గోధుమరంగు గళ్లు తప్ప ఏమీ లేవు. నాలుగడుగులు వెనక్కి జరిపితే అదే గోడ మీద దీపం వెలుగు, పెచ్చులూడిన సున్నం, మూలల్లో మసి కనిపించేవి. ఆ నాలుగడుగుల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న కోరికే నన్ను ఈ పనిలోకి తెచ్చింది.

మొదట హద్దులు

సోనీ గేమ్ కన్సోల్ అయిన తొలి ప్లేస్టేషన్ 1994 డిసెంబరులో జపాన్‌లో వచ్చింది. దాని వీడియో మెమరీ మొత్తం 1 మెగాబైటు. అందులో తెర మీద కనిపించే బొమ్మ ఒకటి, వెనక సిద్ధమవుతున్న బొమ్మ మరొకటి ఉండాలి. 320×240 పరిమాణంలో ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున ఆ రెండింటికే 3,07,200 బైట్లు పోతాయి. మిగిలిన 700 కిలోబైట్ల చిల్లరలో ఆ దృశ్యానికి కావలసిన టెక్స్చర్లు, వాటి ప్యాలెట్లు (రంగుల జాబితాలు) అన్నీ ఇమడాలి.

16 రంగుల 64×64 టెక్స్చర్‌కు ఒక్కో పిక్సెల్‌కు అర బైటు చాలు, అంటే మొత్తం 2,048 బైట్లు. దాని ప్యాలెట్‌కు మరో 32 బైట్లు. గ్రాఫిక్స్ చిప్‌లో టెక్స్చర్‌ను చేతికందేలా ఉంచుకునే చిన్న నిల్వ, అంటే టెక్స్చర్ కాష్, కూడా సరిగ్గా 2 కిలోబైట్లే. ఈ కొలత అంత బాగా అమరుతుంది కాబట్టి మన దుకాణానికీ ఇదే పెట్టుకుందాం: ప్రతి టెక్స్చర్ 64×64, ప్రతిదానికీ 16 రంగులు. ఎనిమిది టెక్స్చర్లు సరిపోతాయి: సున్నపు గోడ, చెక్క అలమర, గాజుల దొంతర, పరిచిన తెల్లగుడ్డ, రోడ్డు మీది రాతి పలక, షట్టర్, దుకాణం బోర్డు, బల్బు కాంతి. ఎనిమిదీ కలిపితే 16 కిలోబైట్లు. ఈ రోజుల్లో ఫోనులో తీసే ఒక్క ఫొటో దీనికి ఎన్నో రెట్లుంటుంది.

ఫొటోలు పొద్దున తీయండి

రాత్రి చూసిన వెలుగును మనసులో పెట్టుకుని, ఫొటోల కోసం మాత్రం మర్నాడు పొద్దున దుకాణాలు తెరవక ముందే వెళ్లండి. గోడ నీడలో ఉండాలి, కెమెరా గోడకు ఎదురుగా నిటారుగా ఉండాలి, ఫ్లాష్ వేయకూడదు. ఎండ పడిన గోడను తీస్తే సూర్యుడి నీడలు టెక్స్చర్‌లోకి వచ్చేస్తాయి. తర్వాత మీరు పైనుంచి బల్బు వెలుగు వేసినా పక్కనుంచి ఎండ కొడుతూనే ఉంటుంది, ఆ తగువు ఎంతకీ తీరదు. దుకాణం లోపల తీయాలంటే యజమానిని అడిగి తీయండి.

చార్మినార్ చుట్టూ పరిచిన రాతి పలకలను వదలకండి. మన నగరంలో ఎక్కడ చూసినా కనిపించే గ్రానైట్ ఈ పనికి ఎంతో అనువైనది. నలుపు, బూడిద, లేత గులాబీ రేణువులు కలగలిసి ఉంటాయి కాబట్టి 16 రంగులకు కుదించినా రాయి రాయిలాగే ఉంటుంది. నున్నటి పింగాణీ పలకకు ఆ అదృష్టం లేదు, దాని మీద రంగు మెట్లు మెట్లుగా విరిగిపోతుంది.

జింప్‌లో ఫొటోను చతురస్రంగా కత్తిరించి 64×64కు తగ్గించండి. ప్లేస్టేషన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 32 మెట్లే కాబట్టి పోస్టరైజ్‌లో 32 పెట్టండి. తర్వాత ఇండెక్స్‌డ్ మోడ్‌కు మార్చి 16 రంగులు ఎంచుకోండి, డిథరింగ్ (లేని రంగును చుక్కల కలయికతో చూపించడం) వద్దనండి. ఇక్కడితో యంత్రం పని అయింది. ఇప్పుడు పెన్సిల్ పరికరం తీసుకుని ఒక్కో పిక్సెల్‌ను సరిచేయాలి. గోడలకు, రాళ్లకు పది నిమిషాలు పెడితే చాలు. గాజులకు మాత్రం ఒక సాయంత్రం కేటాయించండి.

గాజుల దొంతర టెక్స్చర్‌ను ఫొటో నుంచి తీయకుండా చేత్తోనే గీయమంటాను. 64 పిక్సెళ్ల ఎత్తులో ఎనిమిది గాజులు, ఒక్కో గాజుకు ఎనిమిది వరుసలు. పై వరుసకు లేత ఎరుపు, ఎందుకంటే బల్బు పైన ఉంది. రెండు, మూడు వరుసలకు నిండు ఎరుపు. నాలుగు, ఐదు వరుసల్లో బంగారు రంగు, దాని మీద నాలుగు పిక్సెళ్లకొకటి చొప్పున తెల్లటి రాయి. ప్రతి రాయికీ కుడి కింద ఒక్క ముదురు పిక్సెల్ పెట్టండి, ఆ ఒక్క చుక్కతో రాయి లక్కలో కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆరో వరుస ముదురు ఎరుపు, ఏడోది అంతకన్నా ముదురు, ఎనిమిదోది దాదాపు నలుపు; అది గాజుకూ గాజుకూ మధ్య సందు. నల్లటి వరుస ఏ మాత్రం తేలికపడినా దొంతర కాస్తా చారల గొట్టంగా మారిపోతుంది. ఎడమ, కుడి అంచుల వైపు రంగు ముదురు చేయకండి. దొంతర గుండ్రదనం పెద్ద వెలుగు చూసుకోవలసిన పని, అది వెర్టెక్స్‌లకు వదిలేయండి.

ఇలా గీసిన బొమ్మలో నిజానికి రంగులు లేవు, 0 నుంచి 15 వరకు అంకెలున్నాయి. ఏ అంకెకు ఏ రంగో ప్యాలెట్ చెబుతుంది. కాబట్టి జింప్ కలర్‌మ్యాప్‌లో ఎరుపు మెట్లను ఆకుపచ్చగా మారిస్తే ఆకుపచ్చ గాజులు వచ్చేస్తాయి, తర్వాత నీలం, వంగపండు రంగు. కన్సోల్‌లో దీనికి అయ్యే ఖర్చు రంగుకు 32 బైట్లు. ఒక్క బొమ్మతో దుకాణమంతా నింపవచ్చు.

మోడల్‌ను వెలుగు కోసం కోయండి

దుకాణం మూడు గోడలు, పైకప్పు, నేల, ముందు కాస్త రోడ్డు. గాజుల దొంతర అంటే ఎనిమిది పక్కల స్తంభం. ఇదంతా వెయ్యి త్రిభుజాల లోపు వస్తుంది. బ్లెండర్‌లో ప్రతి ఇమేజ్ టెక్స్చర్ నోడ్‌లో లీనియర్‌ను తీసేసి క్లోజెస్ట్ పెట్టండి, లేకపోతే మీరు కష్టపడి పెట్టిన పిక్సెళ్లన్నీ అలుక్కుపోతాయి.

నేలను ఒక్క పెద్ద పలకగా వదిలేయవద్దు. తొలి ప్లేస్టేషన్ టెక్స్చర్ అతికించేటప్పుడు దూరాన్ని లెక్కలోకి తీసుకునేది కాదు. అందుకే కెమెరాకు దగ్గరగా ఉన్న పెద్ద నేల మీద గీతలు, రెండు త్రిభుజాలు కలిసే కర్ణం దగ్గర, విరిగినట్టు వంకరపోతాయి. నాటి కళాకారులు దీనికి కనిపెట్టిన మందు, నేలను చిన్న ముక్కలుగా కోయడం. ముక్క చిన్నదైతే వంకర కూడా చిన్నదే. నేలను 8×8 గళ్లుగా, గోడలను 4×4గా కోయండి. బల్బు కింద, గడప దగ్గర ఇంకోసారి కోయండి. ఆ కోతలే కాసేపట్లో వెలుగుకూ పనికొస్తాయి.

బ్లెండర్ ఈ వంకరను తనంతట తాను చూపించదు. అది కూడా కావాలంటే దృశ్యాన్ని గోడో (Godot) వంటి గేమ్ ఇంజిన్‌లోకి తీసుకెళ్లి షేడర్ (ఉపరితలాన్ని తెర మీద ఎలా గీయాలో చెప్పే చిన్న ప్రోగ్రాము) రాయాలి: వెర్టెక్స్ దశలో యూవీని డబ్ల్యూతో (కొస ఎంత దూరంలో ఉందో చెప్పే విలువతో) గుణించి, డబ్ల్యూను కూడా వెంట పంపి, ఫ్రాగ్మెంట్ దశలో దానితో భాగించాలి. వెర్టెక్స్‌లు వణికే గుణం కావాలంటే తెర మీది వాటి స్థానాన్ని 320×240 గడులకు సర్దాలి. వణుకును మితంగా వాడండి. నాటి కళాకారులు దాన్ని తగ్గించడానికి ఎంతో శ్రమపడ్డారు.

పెద్ద వెలుగు: వెర్టెక్స్ రంగులు

ఈ పనిలో అసలు ప్రాణం ఇక్కడ ఉంది. ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతాం, తర్వాత వాటి మధ్య రంగు నింపుతాం. కన్సోల్ చేసేదీ అదే. త్రిభుజం మూడు కొసల్లో మీరు మూడు రంగులు పెడితే, మధ్యలో ఒకదాని నుంచి ఒకదానికి జారే రంగును చిప్ నింపుతుంది. ఆ పద్ధతిని హెన్రీ గూరో 1971లో ప్రతిపాదించారు, ఆయన పేరుతోనే గూరో షేడింగ్ అంటారు. మూడు దిశల వెలుగును కొసల దగ్గర లెక్కగట్టే ఏర్పాటు ప్లేస్టేషన్‌లో ఉంది, కదిలే పాత్రలకు అది ఉపయోగపడింది. కదలని గోడలకు, నేలకు మాత్రం చాలా ఆటల్లో వెలుగును ముందే రంగుగా వేసి పెట్టేవారు. మనమూ అలాగే చేద్దాం. దృశ్యంలో దీపం ఒక్కటి కూడా ఉండదు.

బ్లెండర్‌లో వెర్టెక్స్ రంగులు ఉండే చోటు కలర్ అట్రిబ్యూట్; దాన్ని చేర్చేటప్పుడు ఫేస్ కార్నర్, బైట్ కలర్ ఎంచుకోండి. ఫేస్ కార్నర్ అయితే గోడ, నేల కలిసే చోట ఒకే కొసకు గోడ వైపు ఒక రంగు, నేల వైపు మరో రంగు పెట్టవచ్చు. తర్వాత మెటీరియల్‌లో టెక్స్చర్‌ను వెర్టెక్స్ రంగుతో గుణించి, ఎమిషన్‌కు (దీపం లేకుండానే తన రంగు చూపే షేడర్‌కు) కలపండి. రెండర్ (దృశ్యాన్ని చివరి బొమ్మగా తీయడం) సెట్టింగుల్లో వ్యూ ట్రాన్స్‌ఫామ్ స్టాండర్డ్‌గా ఉండాలి.

ఇక్కడ చాలా మంది దాటేసే సంగతి ఒకటుంది. ప్లేస్టేషన్‌లో వెర్టెక్స్ రంగు 0 నుంచి 255 వరకు ఉంటుంది, కానీ టెక్స్చర్‌ను ఉన్నదున్నట్టు చూపించే విలువ 128. అంతకు తగ్గితే చీకటి, పెరిగితే టెక్స్చర్ కన్నా ఎక్కువ వెలుగు, దాదాపు రెండింతల దాకా. 255నే పూర్తి వెలుగుగా పెట్టుకుంటే బల్బు కింద గోడ ఎప్పటికీ మండదు, దృశ్యమంతా మసకబారి ఉంటుంది. బ్లెండర్‌లో ఈ గుణం తేవడానికి గుణించిన ఫలితాన్ని మరోసారి 4.6తో గుణించండి. రెండింతలకు 2 చాలదా అంటే, బ్లెండర్ లెక్కలు సరళరేఖలో చేస్తుంది, మన తెర రంగులు ఆ రేఖ మీద ఉండవు. 128 అక్కడ సుమారు 0.216 అవుతుంది, దాన్ని మళ్లీ 1కి తేవాలంటే 4.6 కావాలి. సరిగ్గా అమరిందో లేదో చూడడానికి మోడల్ అంతటికీ హెక్స్ గడిలో 808080 (ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 128) కొట్టి పూయండి. టెక్స్చర్ జింప్‌లో ఉన్నట్టే కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే.

ఇప్పుడు చీకటితో మొదలుపెట్టండి. దృశ్యమంతా 303040 పూయండి, అది రాత్రి నీడ. దుకాణం లోపలి గోడల మధ్య భాగం 807060. బల్బుకు ఎదురుగా ఉన్న కొసలకు 998870, బల్బుకు మరీ దగ్గరి వాటికి అంతకన్నా పైకి, కాస్త పసుపు వైపు. అలమర అరల లోపలి మూలలను మళ్లీ ముదురు చేయండి. పెయింట్ మెనూలో డర్టీ వెర్టెక్స్ కలర్స్ అనే ఆదేశం మూలలను వెతికి తనే మసి పూస్తుంది, కానీ ఉన్న రంగును తుడిచేసే ప్రమాదముంది కాబట్టి ముందే కాపీ దాచుకోండి. దొంతరల స్తంభాలకు ముందు వైపు కొసలు వెలుగులో, పక్క కొసలు మధ్యస్థంగా, వెనకవి చీకట్లో. ఒక్క క్షణంలో చదునైన చారలు గుండ్రని గాజులవుతాయి. ఎన్నిసార్లు చేసినా నాకు ఆ క్షణం పాతబడలేదు.

రోడ్డు మీద గడప దగ్గర 807060, రెండు గళ్ల తర్వాత 303040, చివరికి 181838. వెలుగు తగ్గుతున్న కొద్దీ రంగు నీలం వైపు జరగాలి. పసుపు బల్బు ముందు చీకటి నలుపుగా ఉండదు, కంటికి నీలంగా తోస్తుంది. ఆ రాత్రి రోడ్డు మీద నిలబడి మీరు చూసింది అదే.

వెలుగు మడుగు అంచు పళ్లు పళ్లుగా కనిపిస్తే అక్కడ కోత చాలలేదన్న మాట. రంగులతో కుస్తీ పట్టకుండా ఆ ఒక్క వరుస గళ్లను మళ్లీ కోయండి.

మెరుపు

రాయి మెరుపును టెక్స్చర్‌లో గీస్తే కెమెరా కదిలినా అది అక్కడే అతుక్కుని ఉంటుంది. అది కదలాలి. పాత కన్సోళ్లలో దీనికి వాడిన ఉపాయం, ఉపరితలం ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి యూవీని లెక్కగట్టడం. నింటెండో 64 దీన్ని తనే చేసి పెట్టేది, 1996 నాటి సూపర్ మారియో 64లో లోహపు మారియో ఒంటి మీది మెరుపు ఇలా వచ్చిందే.

ముందు ఆ మెరుపు దేన్ని ప్రతిబింబిస్తుందో గీయండి. ఆ ఎనిమిదికి తోడు ఇది మరో 64×64 నల్లటి బొమ్మ. పై సగంలో బల్బు తోరణాల్లా రెండు ఏటవాలు వరుసలు, ఒక్కో బల్బు రెండు పిక్సెళ్ల లేత పసుపు. కింద రోడ్డుకు గుర్తుగా సన్నటి నీలిబూడిద గీత. బ్లెండర్‌లో జామెట్రీ నోడ్ నార్మల్‌ను (ఉపరితలం తిరిగి ఉన్న దిశను) వెక్టర్ ట్రాన్స్‌ఫామ్ ద్వారా వరల్డ్ నుంచి కెమెరాకు మార్చి, 0.5తో గుణించి 0.5 కలిపి, ఈ బొమ్మకు వెక్టర్‌గా ఇవ్వండి. స్తంభానికి స్మూత్ షేడింగ్ ఉండాలి.

దొంతర అంతటికీ దీన్ని వేస్తే లక్క గాజులు ఉక్కు గొట్టాల్లా కనిపిస్తాయి. ప్లేస్టేషన్‌లో ఒక పాలిగన్‌కు (ఆకారంలోని ఒక్కో పలకకు) ఒకే టెక్స్చర్, ఎక్కడ మెరవాలో చెప్పే ముసుగు పెట్టే వీలు లేదు. అందుకని రాళ్లున్న వరుసలకు మాత్రం సన్నటి పట్టీలను విడిగా చేసి, స్తంభం కన్నా వెంట్రుకవాసి బయటికి తొడగండి. ఎనిమిది గాజుల్లో మూడింటికి చాలు. ఆ పట్టీని కింది రంగుకు కలిపే విధంగా పెట్టాలి: ట్రాన్స్‌పరెంట్, ఎమిషన్ రెండింటినీ యాడ్ షేడర్‌తో కలిపితే నలుపు మాయమై వెలుగు మాత్రం మిగులుతుంది. కెమెరాను పక్కకు జరిపి చూడండి.

బల్బుల చుట్టూ కాంతి వలయాలకూ ఇదే పద్ధతి. మధ్యలో లేత పసుపు, అంచుల్లో నలుపు ఉన్న చిన్న పలకను ప్రతి బల్బు దగ్గరా కెమెరా వైపు తిప్పి పెట్టండి. ప్లేస్టేషన్‌లో వెనక రంగుకు ముందు రంగును పూర్తిగా కలిపే పద్ధతి, పావు వంతే కలిపే పద్ధతి రెండూ ఉండేవి. వలయాలకు పావు వంతే అందంగా ఉంటుంది.

మిగతా కన్సోళ్ల వైపు వెళ్లాలంటే

నింటెండో 64 రూపం కావాలంటే క్లోజెస్ట్‌ను మళ్లీ లీనియర్ చేయండి. దాని టెక్స్చర్ మెమరీ 4 కిలోబైట్లు. ప్యాలెట్ వాడితే సగం దానికే పోతుంది కాబట్టి 16 రంగుల 64×64 సరిగ్గా పడుతుంది. అంచులు మెత్తబడతాయి గనుక ఒక పిక్సెల్ గీతలు కరిగిపోతాయి, గాజుల మధ్య నల్లటి సందును రెండు పిక్సెళ్లు చేయండి. 1998లో వచ్చిన డ్రీమ్‌కాస్ట్ చిప్‌కు ఎగుడుదిగుళ్లను వెలుగుతో చూపించే బంప్ మ్యాపింగ్ శక్తి ఉన్నా, దాన్ని వాడిన ఆటలు తక్కువే. 2001 నాటి ఎక్స్‌బాక్స్ నుంచి ఆ దారి రాజమార్గమైంది.

రెండర్, తర్వాత పరీక్ష

రెండర్ పరిమాణం 320×240, ఫిల్మ్‌లో ఫిల్టర్ సైజు 0. వచ్చిన బొమ్మను జింప్‌లో తెరిచి, డిథర్‌లో మూడు రంగులకూ 32 మెట్లు, బేయర్ పద్ధతి పెట్టండి. ప్లేస్టేషన్ తన రంగులను కుదించేటప్పుడు ఇలాంటి చుక్కల అల్లికనే వేసేది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఆ చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి నున్నగా కనిపించేవి. అలాంటి టీవీ మీ ఇంట్లో ఇంకా పనిచేస్తుంటే ఒక్కసారి దాని మీద చూడండి. కంప్యూటర్ తెర కోసం అయితే ఇంటర్‌పొలేషన్ (పిక్సెళ్లను అలికి నునుపు చేయడం) లేకుండా సరిగ్గా నాలుగు రెట్లు పెంచండి.

చివరగా మూడు పొరలను ఒక్కొక్కటిగా ఆపి చూడండి. వెర్టెక్స్ రంగులను 808080 చేసినా దుకాణంలో బల్బు వెలుగుతున్నట్టే ఉంటే, టెక్స్చర్‌లలో వెలుగు ఎక్కువ గీశారు, తగ్గించండి. టెక్స్చర్‌లు తీసేసి వెర్టెక్స్ రంగులే ఉంచినప్పుడు బల్బు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేకపోతే, పెద్ద వెలుగు పిరికిగా ఉంది, చీకటిని ఇంకా ముదురు చేయండి. మెరుపు పట్టీలు ఆపినప్పుడు గాజులు మట్టివిలా కనిపిస్తే, గాజు పై వరుసలోని లేత ఎరుపును ఒక మెట్టు పెంచి మళ్లీ రెండర్ వేయండి.